మూత తెరవని లాకెట్టు

మా బావ అసలు పేరు ఆయన పెళ్ళి శుభలేఖ మీద ఒకసారి చూశాను. మళ్ళీ ఎక్కడా చూడలేదు. అందరూ ఆయన్ని అతుకులాయన అంటారు. తెగిన గొలుసు, ఊడిన రాయి, వంగిన ఉంగరం, ఏదైనా సరే ఆయన బల్ల మీదకి రావలసిందే. జన్మలో కొత్త నగ ఒక్కటీ చేయలేదు.

"కొత్తది ఎవడైనా చేస్తాడు. పాతదాన్ని పాతదిలాగే నిలబెట్టాలంటే చెయ్యి కావాలి" అంటాడు.

"చేతకాదని ఒప్పుకోవచ్చు కదా బావా" అంటాను నేను.

యాభై ఏళ్ళుగా నేనీ మాట అంటున్నాను, యాభై ఏళ్ళుగా ఆయన విననట్టే ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి బావమరిది మాట వినపడకపోవడం తప్ప వేరే చెవి జబ్బు లేదు.

ఆయన పనిగది దర్జీ కొట్టు పైన ఉంటుంది. పద్దెనిమిది మెట్లు ఎక్కాలి. గది వెడల్పు మూడు అంగలు. కిటికీ కింద బల్ల, బల్ల ముందు అంచున నెలవంకలా ఒక కోత. ఆ కోతలో పొట్ట ఆనించి కూర్చుంటాడు. కోత కింద ఒక తోలు ముక్క ఒడిలాగా వేలాడుతూ ఉంటుంది. ఆకురాయి పెట్టి రుద్దినప్పుడు రాలే బంగారు పొడి దాంట్లో పడుతుంది. ఈ పొడి గాలిలో కలిసి బావ ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, ఆయన తుమ్మితే రుమాలు మెరుస్తుందనీ, అక్క ఆ రుమాళ్ళు ఉతికిన నీళ్ళు పారబొయ్యదనీ నేను నలుగురికీ చెప్పేవాణ్ణి. ఒకావిడ నమ్మేసి, ఆ నీళ్ళు చెంబుడు ఇప్పించమని అక్కని అడిగింది కూడా.

పద్నాలుగో ఏట ఈ పనికి చేరాడు. ఆయన గురువు మాటలతో నేర్పే మనిషి కాడు. ఏదైనా నగ చేతికిచ్చి, "ఇది ఏం చెబుతోంది?" అని అడిగేవాడట. తప్పు చెబితే కొట్టడు, తిట్టడు, ఆ నగ తిరిగి తీసుకుని మర్నాడు మళ్ళీ చేతిలో పెడతాడు. ఒక ఉంగరాన్ని అలా పదకొండు రోజులు పెట్టాడట. పన్నెండో రోజు బావ దాన్ని వెనక్కి తిప్పి చూశాడు. అంతే, గురువు నవ్వాడు.

అప్పట్నుంచి బావకి అదే అలవాటు. ఏ నగ ఇచ్చినా ముందు వెనక్కి తిప్పుతాడు. "ముందువైపు ఎన్ని కబుర్లయినా చెబుతుంది. వెనకవైపుకి అబద్ధం రాదు" అంటాడు. శీల మీద చేత్తో కోసిన మర చుట్లు ఒకటి లావు ఒకటి సన్నం ఉంటాయి, యంత్రం కోసినవి బడిపిల్లల వరసలా ఉంటాయి. గొలుసు వేలాడే రింగు లోపలివైపు ఎంత అరిగిందో చూస్తే ఎన్నేళ్ళు మెడలో ఉందో తెలుస్తుంది. ఇవన్నీ చూసి నగ వయసు చెప్పడం ఆయన రెండో విద్య. అమ్మమ్మ పెట్టెలో దొరికిన నగ ఎప్పటిదో తెలియనివాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు. ఆయన చూసి, అరచేయంత అట్టముక్క మీద ఒక చీటీ ఇస్తాడు. నగ ఏమిటి, వయసెంత, ఏ ముక్క ఎప్పుడు అతికారు, ఎవరిదని చెబుతున్నారు, చివర ఆయన సంతకం.

చీటీ రాసేది మాత్రం నేను. ఆయన దస్తూరి కోడి గీకినట్టు ఉంటుంది. నేను చదివింది సిస్టర్ల బడి. అబద్ధం చెప్పిన ప్రతిసారీ 'ఇక మీదట అబద్ధం చెప్పను' అని వందసార్లు రాయించేవారు. దానివల్ల దస్తూరి బాగుపడింది, మిగతాది పడలేదు.

ఒకసారి ఒక పెద్దమనిషి గుమ్మడి గింజంత రాయి ఉన్న ఉంగరం తెచ్చాడు. "మా ముత్తాతకి రాజుగారు స్వయంగా వేలికి తొడిగారు. రెండొందల ఏళ్ళ నాటిది. చీటీలో అదే రాయండి" అన్నాడు.

బావ వెనక్కి తిప్పి చూశాడు. "ఉంగరానికి నలభై. రాయికి ముప్పై. రాజుగారికెంతో నాకు తెలీదు" అన్నాడు.

పెద్దమనిషి మొహం మాడిపోయింది. నాకే జాలేసింది. "రాజుగారు ఇస్తానని మాటిచ్చి ఉంటారండీ. ఖజానాలో వరస ఉంటుంది కదా, చేతికొచ్చేసరికి ఆలస్యమైంది" అన్నాను. ఆయన కాస్త తేరుకున్నాడు కానీ, బావ చీటీలో ఒక్క ఏడాది కూడా పెంచలేదు. అంత మొండి. అలాగే ఒక్క ఏడాది తగ్గించేవాడూ కాదు. అతుకు చూసి నగని కొట్టిపారెయ్యకూడదనేవాడు. "అతుకు వయసు అతుకుదే, నగ వయసు నగదే" అని నా చేత ఎన్ని చీటీల్లో రాయించాడో లెక్కలేదు.

ఇంతమంది నగలకి చీటీ ఇచ్చిన మనిషి, మా అక్క మెడలో ఉన్నదానికి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అక్కా నేనూ ఒక తండ్రి బిడ్డలం. తల్లులు వేరు. అక్కకి మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. రెండేళ్ళ తర్వాత నాన్న మా అమ్మని చేసుకున్నాడు. మా అమ్మ అక్కకి తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, బడికి పంపింది. అక్క అన్నీ చేయించుకుంది కానీ 'పిన్నీ' అనే పిలిచింది. మా అమ్మ పోయేదాకా ఆ పిలుపు మారలేదు. మా అమ్మ మార్చమని అడగనూ లేదు.

అక్కకి ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు మా అమ్మ ఆమె మెడలో ఒక లాకెట్టు వేసింది. చిన్న నాణెమంత గుండ్రటి బంగారు లాకెట్టు. ముందువైపు ఒక ఆకు చెక్కి ఉంటుంది, వెనక మూత. ఆ మూత తెరుచుకోదు. అంచున ఒక చుక్క అతుకు పెట్టి మూసేశారు. "ఇది మీ అమ్మది. పోగొట్టుకోకు" అందట మా అమ్మ. మరో మాట అనలేదు. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఇప్పుడు అక్కకి డెబ్బై నాలుగు. లాకెట్టు మెడ దిగలేదు.

మొన్నీ మధ్య అక్క మనవరాలికి మొదటి ఉద్యోగం వచ్చింది. గురువారం వేరే ఊరు వెళ్ళిపోతుంది. వెళ్ళేముందు లాకెట్టు దానికి ఇచ్చేయాలని అక్క అనుకుంది. ఊరికే ఇవ్వడం కాదు, చీటీతో సహా.

శనివారం పొద్దున నేను టీ కోసం వాళ్ళింటికి వెళ్ళేసరికి రగడ మొదలై ఉంది.

"ఏమండీ, ఊళ్ళో ప్రతి ముక్కుపుడకకీ పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. నాది ఒక్కటి చూడ్డానికి ఏమొచ్చింది?"

"ఇంట్లో వస్తువుకి చీటీ ఏంటే? నవ్వుతారు."

"నవ్వనీ. నాకు కావాలి."

"కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. సోమవారం చూస్తా."

సోమవారం భూతద్దానికి గీత పడిందన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి వెలుతురు చాలదన్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన బట్టతల మీద పడి నా కళ్ళు చెదురుతున్నాయి, వెలుతురు చాలదట!

"పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా" అని అక్క లేచింది. మంగళవారం పొద్దున్నే నా గుమ్మంలో నిలబడింది. "ఒరేయ్, చెప్పులేసుకో. పెద్ద కొట్టుకి పోదాం. అక్కడ యంత్రం ఉందట."

బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. చాలాసేపు బయటికి చూసింది. తర్వాత నావైపు తిరక్కుండానే చెప్పడం మొదలెట్టింది.

"నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మేనత్త వచ్చింది, గుర్తుందా? నీకెలా ఉంటుందిలే, పదేళ్ళవాడివి. ఇద్దరం బట్టలు ఆరేస్తున్నాం. నా మెడకేసి చూసి, మీ అమ్మ మెడలో అలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదే, మీ పిన్ని ఎక్కడో కొనుక్కొచ్చి మీ అమ్మదని చెప్పి నిన్ను మంచి చేసుకుంది, అంది."

"ఆవిడ నోరు నీకు తెలీదా?"

"తెలుసు. అయినా ఆ మాట పోలేదు రా. అప్పట్నుంచి దీన్ని తీయనూ లేదు, నమ్మనూ లేదు."

ఆమె లాకెట్టుని గుప్పిట్లో పట్టుకుంది.

"నాకు అమ్మ మొహం గుర్తులేదు. ఒక్క ఫోటో లేదు. ఉన్నదల్లా ఇదే. ఇదీ ఆవిడది కాకపోతే నాకేం లేనట్టే. నా మటుకు నేను ఎలాగో గడిపేశాను. పిల్లకి మా అమ్మది అని చెప్పి ఇవ్వాలంటే నిజం కావాలి కదా."

"అంటే మా అమ్మ అబద్ధం చెప్పిందంటావా?" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

అక్క అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వెవరి పోలిక రా మరి?"

దిగేదాకా నేను టిక్కెట్టు మీది అంకెలు కూడుకుంటూ కూర్చున్నాను.

పెద్ద కొట్టులో అద్దాల తలుపులు, చల్లటి గాలి. బూడిదరంగు కోటు వేసుకున్న ఒక అమ్మాయి లాకెట్టుని గొట్టం కింద పెట్టింది. పక్కనున్న తెర మీద అది చక్రమంత కనబడింది. మర్యాదైన పిల్ల. అక్కకి కుర్చీ వేయించింది.

"ఈ కీలు చూశారా మేడమ్? ఇది అచ్చు కీలు. ఫ్యాక్టరీలో వేలకొద్దీ పోసింది. ఈ రకం వచ్చి అరవై ఆరేళ్ళు, మహా అయితే అరవై ఏడు. అంతకుముందు లేదు. కాబట్టి నగ వయసు దానికి మించదు."

"లోపల చూడరా?" అన్నాను.

"మూసేసి ఉందండీ. చూడాలంటే కోయాలి. మీరు సంతకం పెట్టాలి."

అక్క వద్దంది. అమ్మాయి అచ్చువేసిన కాగితం ఇచ్చింది, లాకెట్టు రంగు బొమ్మతో సహా. అక్క దాన్ని నాలుగు మడతలు పెట్టింది. తిరుగు బస్సులో ఎవరితోనో అన్నట్టుగా, "మా అమ్మ పోయి డెబ్బై ఒకటి" అంది. అంతే.

మోకాళ్ళ నొప్పులని ఆమె బావ పనిగదికి వెళ్ళడం మానేసి ఆరేళ్ళయింది. ఆ రోజు బస్సు దిగి తిన్నగా ఆ మెట్లే ఎక్కింది. నేను వెనకాల, పడితే పట్టుకుందామని. పడితే ఇద్దరం కలిసి దర్జీ కొట్టులోనే తేలేవాళ్ళం.

బావ ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. అక్క కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. మడత పెట్టేశాడు. ఆశ్చర్యపోలేదు.

"మీకు తెలుసు" అంది అక్క.

ఆయన ఆకురాయి తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి ఇంకోవైపు పెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళైన నాలుగో రోజు నుంచి" అన్నాడు. "మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తున్నావు. లాకెట్టు పక్కకి తిరిగింది. నా కళ్ళు ఊరుకోవు కదా. కీలు కనబడింది. ఆ కీళ్ళు నేను పనికి చేరడానికి రెండేళ్ళ ముందు వచ్చాయి. వాటిని చూస్తే మా గురువు ఉమ్మేసేవాడు."

"యాభై ఏళ్ళు కడుపులో పెట్టుకుని నా పక్కన తిరిగారా?"

"చెబితే నీకేం మిగులుతుంది? నగ వయసు చెప్పడం నా పని. నీ మెడలోంచి మీ అమ్మని తీసేయడం నా పని కాదు."

అక్క ఏడవలేదు. మెడ వెనక్కి చేతులు పోనిచ్చి గొలుసు విప్పింది. ఆ వేళ్ళకి అలవాటు లేని పని, చాలాసేపు పట్టింది. లాకెట్టుని బల్ల మీద పెట్టి, "పిల్లకి ఇంకేదైనా ఇస్తాలెండి" అంది. ఖాళీ మెడతో అక్కని నేను చూడడం అదే మొదటిసారి. చిన్నపిల్లలా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళిద్దరి బాధా ఒక ఎత్తు, మధ్యలో మా అమ్మ దొంగైపోయింది.

"బావా, దీన్ని ఎప్పుడైనా తెరిచి చూశావా?"

"లేదు."

"వెనక్కి తిప్పి చూశావా?"

"చెప్పాను కదా, కీలు కనబడిందని."

"కీలు అతికింది కదా? అతుకు వయసు అతుకుదే, నగ వయసు నగదే అని నా చేత రాయించి రాయించి నా వేలు వంకరపోయింది. ఊరందరికీ ఆ మాట చెప్పి, ఇంట్లోదానికి కీలు చూసి ఊరుకుంటావా? ఆ కోటు పిల్లంటే కొత్తది. నీకేమైంది?"

సిస్టర్ల బడిలో లెక్కల మాస్టారు ఒకసారి నల్లబల్ల మీద ఏడు ఎనిమిదులు తప్పు రాసి, పిల్లలు చెప్పాక చూసుకున్నారు. ఆ మొహం మళ్ళీ బావ దగ్గర చూశాను.

"భయమేసింది" అన్నాడు. నాతో కాదు, అక్కతో. "కీలు చూస్తే అనుమానం. లోపల చూస్తే నిజం. అనుమానమైతే పక్కన పెట్టుకుని బతకొచ్చులే అనుకున్నా."

అక్క ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు భయపడ్డానికి ఏం మిగిలింది? కోయండి."

బావ భూతద్దం మూడుసార్లు తుడిచాడు. దాని మీద గీతా లేదు, పాడూ లేదు. తర్వాత వెంట్రుకంత రంపం తీశాడు. ఊపిరి బిగబట్టి అతుకు చుక్క మీద రెండే రెండు లాగులు లాగాడు. గోటితో మూత మీటాడు. రాలేదు. మళ్ళీ మీటాడు. చిన్న చప్పుడు చేసి తెరుచుకుంది.

లోపల ఏమీ లేదు. కాస్త బూడిదరంగు దుమ్ము. నిజం చెప్పాలంటే నేను ఒక ఉత్తరమో, నిధి దారి చూపే పటమో ఊహించాను. బావ మెత్తటి కుంచెతో దుమ్ము తుడిచి, భూతద్దం కంటికి పెట్టుకుని వంగాడు. కాసేపటికి ఆయన గొంతు మారింది. చీటీ చెప్పేటప్పటి గొంతు. నా చెయ్యి దానంతటదే కలం తీసింది.

"ముందు రేకు చేత్తో కొట్టింది. సుత్తి దెబ్బలు కనబడుతున్నాయి. ఇక్కడ పాత కీలు మొదలుంది. దాన్ని అరగదీసి పక్కన కొత్త కీలు కూర్చోబెట్టారు. రింగు లోపల సగానికి పైగా అరిగింది. తొంభై ఏళ్ళ పైమాటే." ఆగాడు. "ముందు రేకు వేరు, మూత వేరు. నేనొక గాడిదని."

"అదీ రాయనా బావా?"

"రాయి."

అక్క మాత్రం నవ్వలేదు. ఆశ పడ్డానికి కూడా జంకుతున్నట్టు మెల్లగా అడిగింది. "తొంభై ఏళ్ళదైతే మాత్రం? పిన్ని ఎవరి దగ్గరో పాతది కొని ఉండొచ్చు కదా?"

అది నిజమే. బావ తల ఊపాడు. లాకెట్టుని కిటికీ వైపు ఎత్తి అంచు చుట్టూ తిప్పుతూ చూశాడు. ఒకచోట ఆగాడు. అక్కడే ఉండిపోయాడు. తర్వాత భూతద్దం తీసి అక్క కంటికి ఆనించి పట్టుకున్నాడు.

"చూడు. అంచున నాలుగు సొట్టలు."

"సుత్తి తగిలిందా?"

"కాదే. పాలపళ్ళు."

అక్క భూతద్దం లోంచి కన్ను తీయలేదు.

"ఏడాది పిల్లని ఎత్తుకుంటే మెడలో వేలాడేది తిన్నగా నోట్లోకే పోతుంది" అన్నాడు బావ. "మంచి బంగారం, పల్చటి రేకు. పళ్ళు దిగిపోతాయి. తల్లుల లాకెట్లు పది నా బల్ల మీదకి వస్తే మూడింటికి ఈ గుర్తులుంటాయి. వాళ్ళు సరిచేయమంటారు. నేను చేయను. ఇప్పుడు విను. ఈ సొట్టల మీదే కొత్త మూత అంచు వచ్చి కూర్చుంది. అంటే కొరికిన తర్వాతే మూత వచ్చింది. మూత వచ్చేసరికి నీకు ఎనిమిదేళ్ళు. వీడు పుట్టనే లేదు."

నా జీవితంలో ఒక నేరంలో నా పేరు లేకపోవడం అదే మొదలు.

"నీ పళ్ళే అని నేను ప్రమాణం చేయలేను" అన్నాడు బావ. అంత సంతోషంలోనూ ఆ మొండితనం పోలేదు. "ఒక పసిపిల్ల కొరికింది. అప్పుడది ఒక తల్లి మెడలో ఉంది. ఆ తర్వాత మూత ఊడి పోయింది. మూత లేనిది ఎవరు వేసుకుంటారు? పెట్టెలో పడి ఉంటుంది, అందుకే మీ మేనత్త చూళ్ళేదు. మీ పిన్ని ఇది మీ అమ్మది అంది. నగా మనిషీ ఒకే మాట చెబుతున్నారు. ఇంతకన్నా తక్కువ సాక్ష్యానికి నేను చీటీలిచ్చాను."

అక్క వేలి కొసతో ఆ అంచుని తడిమింది. మళ్ళీ తడిమింది. పెదాలు లోపలికి మడుచుకుంది, నోట్లో ఏదో ఉన్నట్టు.

నేను కిటికీ బయటికి చూశాను. బయట చూడ్డానికేమీ లేదు, ఎదురింటి గోడ.

బావ ఈలోగా మూతని పట్టుకున్నాడు. లోపలివైపు చూసి, "ఇదేంటి?" అన్నాడు. ఏటవాలు వెలుగులో పెట్టాడు. "ఇది మూత కోసం చేసిన రేకు కాదు. నడుమ కాడ ఊడదీసి పూడ్చారు. చుట్టూ పువ్వు ఉంది, సుత్తితో అణిచేశారు. ఆరు పూరేకులు కనబడుతున్నాయి, ఇంకో రెండు చెరిగాయి. ఇది దిద్దు. ఎవరిదో చెవి దిద్దుని చదును చేసి మూత చేశారు."

నాకు అర్థమైంది. కాళ్ళకి ఎక్కడలేని బలం వచ్చింది. పద్దెనిమిది మెట్లూ నాలుగు అంగల్లో దిగాను. ఇది నా మామూలు కోతల్లో ఒకటి కాదు, కావాలంటే దర్జీని అడగండి. రెండు వీధుల అవతల మా ఇంట్లో గోడ మీదున్న అమ్మానాన్నల పెళ్ళి ఫోటో మేకుతో సహా పీకి పట్టుకొచ్చాను.

ఫోటోలో మా అమ్మకి పందొమ్మిదేళ్ళు. నాన్న పక్కన బిగుసుకుపోయి నిలబడి ఉంది. చెవులకి రెండు పెద్ద గుండ్రటి దిద్దులు. బావ భూతద్దం పెట్టి లెక్కపెట్టాడు. ఎనిమిది రేకుల పువ్వు.

నేను పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ చెవులకి సన్నటి తీగ రింగులు తప్ప ఇంకేం చూడలేదు. చిన్నప్పుడు ఆ ఫోటో చూసి అడిగాను, "అమ్మా, ఆ దిద్దులేవి?" అని.

"కాకి ఎత్తుకుపోయింది రా."

"రెండూనా?"

"రెండు కాకులొచ్చాయి."

ఈ కాకుల కథ నేను నా పిల్లలకి చెప్పాను, మనవలకి చెప్పాను. చెప్పినప్పుడల్లా కాకులు పెరిగి, ఇప్పటికి పదకొండయ్యాయి. ఒకదానికి పేరు కూడా ఉంది. అది పనిగదిలో గడగడా చెప్పేశాను. ఒక దిద్దు మూతైంది, రెండోది కీలుకీ పనివాడి కూలికీ పోయి ఉంటుంది. ఆ పువ్వు అక్క కంటపడకూడదనే అతుకు పెట్టి మూయించింది.

అక్క ఫోటోని ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నేళ్ళూ మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ గోడ మీద ఆమె చూసిన ఫోటోనే.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. కోపంగానే అంది.

"చెబితే వేసుకునేదానివా?" అన్నాడు బావ.

అక్క ఫోటో మీదకి వంగింది. ఎనిమిదేళ్ళప్పటి తనని తను ఎరుగుననుకుంటా. ఆమె ముడతల చెయ్యి ఫోటో అద్దం మీద, మా అమ్మ చెవి దగ్గర ఉండిపోయింది.

కింద దర్జీ మిషను ఆగింది, మళ్ళీ మొదలైంది. బావ గొంతు సవరించుకున్నాడు. "రాయి. లాకెట్టు, బంగారం. ముందు రేకు తొంభై ఏళ్ళ పైబడింది, చేతిపని. మూతా కీలూ అరవై ఆరేళ్ళ నాటివి. మూత చెవి దిద్దుతో చేసింది. అంచున పాలపళ్ళ గుర్తులు, సరిచేయకూడదు." నేను రాస్తున్నాను. "ఎవరిది అన్నచోట ముందు రేకు వేరే, మూత వేరే రాయి. ముందు రేకు..."

"మా అమ్మది అని రాయి" అంది అక్క.

"అదే చెబుతున్నా. ముందు రేకు మీ అమ్మది. మూత మీ..."

"మొత్తం. మొత్తం మా అమ్మది అని రాయి రా."

బావ నోరు తెరిచాడు. చీటీలో వివరం తప్పితే ఆయనకి అన్నం సహించదు. అక్క ఆయనకేసి చూసింది. ఆయన నోరు మూసుకుని, నాకేసి రాయమన్నట్టు తల ఊపాడు.

రాశాను. సిస్టర్లు చూస్తే ఆ అక్షరాలకి ఇంకో వందసార్లు రాయించి ఉండేవారు, అంత వంకరగా వచ్చాయి. బావ కింద సంతకం పెట్టాడు. ఆయన సంతకం కూడా అంతే వంకర, కాబట్టి తేడా తెలియలేదు.

ఆయన అతుకు సామాను ముందుకి లాక్కుని, "ఇటివ్వు, మళ్ళీ మూసేస్తా" అన్నాడు.

"వద్దు. గురువారం దాకా ఇది నాదే" అని అక్క లాకెట్టు గుప్పిట్లోకి తీసుకుంది. మూత తెరిచింది, లోపలి పువ్వు చూసింది. మూసింది, అంచు తడిమింది. మళ్ళీ తెరిచింది.

బావ కాసేపు ఓర్చుకున్నాడు. "అలా తీసి వేస్తుంటే కీలు అరిగిపోతుందే."

"అరగనివ్వండి" అంది అక్క, తలెత్తకుండా. "అతుకులాయన ఊళ్ళోనే ఉన్నాడుగా."